సముద్రం దాటాలంటే ఏం తాకట్టు పెట్టాలి?

సముద్రం దాటితే కులం పోతుందని రాసుకున్నోళ్ళే అందరికంటే ముందు సముద్రం దాటారు. 1888లో గాంధీ చదువుకని లండన్ పోతుంటే ఆయన కులపెద్దలు వెలేశారు. బారిస్టరై తిరిగొచ్చాక నాసిక్ తీసుకుపోయి నదిలో ముంచి, కులానికి భోజనాలు పెట్టి, ఒక వర్గంవాళ్ళు మళ్ళీ కలుపుకున్నారు. సముద్రం అంటించిన మైల ఒక్క మునకతో పోయింది. మా మైల మాత్రం ఎన్ని చెరువుల్లో మునిగినా పోలేదు. అసలు చెరువులోకి దిగనిస్తే గదా!

మావోళ్ళూ సముద్రం దాటారు. 1860 నవంబరులో మద్రాసు నుంచి కూలీల్ని ఎక్కించుకుని ట్రూరో అనే ఓడ డర్బన్ రేవు చేరింది. ఆ తర్వాత ఎన్ని ఓడలో! నాటాల్ చెరుకు తోటల్లో, మారిషస్‌లో, ఫిజీలో, రంగూన్ బియ్యం మిల్లుల్లో చెమటోడ్చిన తెలుగు కూలీల్లో మాల మాదిగలు ఎంతమందో. వాళ్ళని ఏ శాస్త్రమూ ఆపలేదు. ఏ కులపెద్దా వెలెయ్యలేదు. పుట్టుకతోనే వెలివాడలో ఉన్నోణ్ణి ఇంకెక్కడికి వెలేస్తారు? కూలికి పోతామంటే ఓడ మా గుమ్మం దాకా వస్తుంది. చదువుకి పోతామంటే వంద కాగితాలు అడుగుతారు. ఆ కాగితాల గురించే ఈ నాలుగు మాటలు.

విదేశీ చదువులు, ఫెలోషిప్పులు అనగానే మనలో కొందరు అన్నలు మొహం చిట్లిస్తారు. "ఊళ్ళో కూలిరేటు గురించి మాట్లాడుకోక ఇదెందుకు" అంటారు. వాళ్ళకి తర్వాత జవాబు చెప్తా. ముందు మా ఊరి లెక్క చెప్పనీయండి.

మాది పల్నాడులో బొల్లాపల్లి. 2022 ఏప్రిల్ దాకా గుంటూరు జిల్లా, ఇప్పుడు పల్నాడు జిల్లా. నల్లమల అంచున ఉన్న మెట్ట ప్రాంతం. వానొస్తే మిరప, పత్తి, కంది. రాకపోతే వలస. మా మండలంలోనే బండ్లమోటు దగ్గర సీసం గని ఉండేది. అదీ మూతబడింది. మా పల్లెలో భూమి ఉందంటే అది సర్కారు ఇచ్చిన డీకే పట్టానే. అది కూడా ఎకరమో, ఎకరంన్నరో, రాళ్ళు ఏరుకుంటే తప్ప నాగలి దిగని చెక్క.

ఇప్పుడు భూమున్న కులంలో పిల్లోడు అమెరికా ఎట్టా పోతాడో చూడండి. ఇంటర్ నుంచే కార్పొరేట్ కాలేజీ. తర్వాత ఇంజనీరింగు. అప్పటికే బాబాయి కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. ఏ యూనివర్సిటీకి పెట్టుకోవాలో, ఏ నెలలో పెట్టుకోవాలో, వీసా ఆఫీసరు ఏం అడుగుతాడో ఫోన్లో చెప్తాడు. పొలం కాగితాలు బ్యాంకులో పెడతారు. చాలకపోతే ఎకరం అమ్ముతారు. ఇంకా చాలకపోతే పెళ్ళి కుదురుస్తారు, కట్నం కాస్తా విమానం టిక్కెట్టు అవుతుంది. అక్కడ దిగంగానే ఎయిర్‌పోర్టుకి చుట్టాల కారు వస్తుంది. పొలం ఉంది, చుట్టం ఉన్నాడు, పోయాడు. దాన్ని ఊరంతా మెరిట్ అంటుంది. 2024 నాటికి విదేశాల్లో చదివే మన దేశపు పిల్లలు 13 లక్షలకు పైనే అని కేంద్రమే లెక్క చెప్పింది. అందులో కేంద్రం స్కాలర్‌షిప్పు మీద పోయేందుకు ఎస్సీ పిల్లలకి ఉన్నవి ఏడాదికి 115 సీట్లే. ఆ కొద్దిమందిని చూసి "ఊరికే తింటున్నారు" అంటారు.

2014లో నాకు ఇంగ్లండులో ఒక యూనివర్సిటీ నుంచి సీటు ఇస్తున్నట్టు ఉత్తరం వచ్చింది. మా అమ్మ మిరపకోతలకి పోయేది. నాయన ముఠా పని. సాంఘిక సంక్షేమ హాస్టళ్ళల్లో పెరిగి, నరసరావుపేటలో డిగ్రీ చేసి, ఎం.ఏ. పూర్తిచేసిన దాన్ని. సీటు ఖాయం కావాలంటే డిపాజిట్ కట్టాలన్నారు. వీసాకి చూపించాల్సిన డబ్బు 28 రోజులపాటు ఖాతాలో కదలకుండా ఉండాలన్నారు. అంతకు ముందు ఏడాదే, 2013లో, ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి పెట్టింది. 10 లక్షలు! పల్లెంతా సంబరపడింది. తీరా రూల్సు చదివితే సగం డబ్బు ఆ దేశంలో దిగి, దిగినట్టు కాగితం పంపాక ఇస్తారంట. రెండో సగం మొదటి సెమిస్టరు మార్కులు వచ్చాక ఇస్తారంట. మరి దిగేదాకా అయ్యే ఖర్చు ఎవరిది? డిపాజిట్ ఎవరు కట్టాలి? ఖాతాలో 28 రోజులు పడుకోబెట్టే డబ్బు ఎవరి ఇంట్లోంచి రావాలి? ఈ రూలు రాసిన పెద్దమనిషి ఇంట్లో ఆ డబ్బు ఉండబట్టి ఈ ప్రశ్న ఆయనకి తట్టలేదు.

ఒక బ్యాంకుకి పోయాం. విద్యారుణాలకి బ్యాంకుల సంఘం రాసిన నమూనా పథకం ఒకటుంది. అప్పట్లో దాని ప్రకారం 4 లక్షల దాకా హామీ అక్కర్లేదు. ఏడున్నర లక్షల దాకా ఇంకొకరు జామీను ఉండాల్సి వచ్చేది. అది దాటితే ఆస్తి తాకట్టు. నాయన డీకే పట్టా మడత విప్పి బల్ల మీద పెట్టాడు. "ఏమయ్యా, ఇది సర్కారిచ్చిన భూమి గదా. అమ్మను వీల్లేదు, కొనేవాడు లేడు. దీనిమీద పై దేశం చదువుకి అప్పెట్టా ఇస్తాం?" అన్నాడు మేనేజరు. 1977 చట్టం ఆ భూమిని పెద్దోళ్ళు కాజెయ్యకుండా కాపాడేదానికి వచ్చింది. మంచి చట్టమే. కానీ మాకు దక్కిందే బ్యాంకు విలువ కట్టని భూమి అయినప్పుడు, ఆస్తి మీద నడిచే అప్పు మాకు ఎన్నటికి పుడుతుంది?

ఇంకో ఆఫీసుకి పోతే ఒక అధికారి నా కాగితాలన్నీ తిరగేసి, "డీఎస్సీ రాసుకోక ఇవన్నీ ఎందుకమ్మా నీకు" అన్నాడు. ఆయన కూతురు అప్పటికే అమెరికాలో చదువుతుంది. బల్ల మీద గౌను, టోపీతో ఫొటో ఉంది.

గడువు దాటింది. సీటు పోయింది. ఇది నా ఒక్కదాని కథ అయితే ఈ పుస్తకంలో కాగితం వృథా చేసేదాన్ని కాదు. అప్పట్నుంచి ఏటా మా చుట్టుపక్కల పిల్లల దరఖాస్తులు నింపటంలో సాయం చేస్తున్నా. ప్రతి ఏడూ అదే గుమ్మం దగ్గర అదే దెబ్బ. అందుకని ఇది రాస్తున్నా.

ఈ స్కాలర్‌షిప్పులు దానమని అనుకునేవాళ్ళు మన బాబాసాహెబు జీవితం లెక్కల్తో సహా చదవాలి. 1913లో బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ నెలకి పదకొండున్నర పౌండ్లు చొప్పున మూడేళ్ళు ఇస్తే ఆయన కొలంబియాకి పోయాడు. ఊరికే ఇవ్వలేదు, తిరిగొచ్చి పదేళ్ళు సంస్థానంలో కొలువు చెయ్యాలని రాయించుకున్నారు. 1916లో లండన్ చేరాడు. 1917లో డబ్బు గడువు అయిపోయింది, చదువు మధ్యలో ఆపుకుని ఓడెక్కాడు. బరోడా కొలువులో బంట్రోతులు ఫైళ్ళు ఆయన చేతికి ఇవ్వకుండా బల్లమీదికి విసిరారు. ఉండటానికి గది దొరకలేదు. పార్సీల సత్రంలోంచి కర్రలు పట్టుకొచ్చి వెళ్ళగొట్టారు. కొలంబియా చదువు కూడా ఆ కర్రల్ని ఆపలేదు. మళ్ళీ 1920లో జీతంలో దాచుకున్న డబ్బు, కొల్హాపూరు సాహూ మహారాజు సాయం, నావల్ భథేనా అనే పార్సీ మిత్రుడి దగ్గర 5,000 రూపాయల అప్పు కలిపి లండన్ పోయి చదువు పూర్తి చేశాడు. 1923లో డి.ఎస్సీ. వచ్చింది. ఇంత మేధావి చదువు కూడా నిధుల గడువు అయిపోయిందని మూడేళ్ళు ఆగిందంటే, బొల్లాపల్లి పిల్ల చదువు ఆగదా?

ఆ బాధ తెలిసినవాడు కాబట్టే 1942లో వైస్రాయి కౌన్సిల్లో ఉండగా షెడ్యూల్డు కులాల కష్టాల మీద ఇచ్చిన మెమొరాండంలో మన పిల్లల్ని విదేశీ యూనివర్సిటీలకి పంపాలని కూడా అడిగాడు. అంటే విదేశీ స్కాలర్‌షిప్పు ఏ ముఖ్యమంత్రో పుట్టినరోజుకి పంచిన వరం కాదు. స్వాతంత్ర్యానికి ముందే మన తరఫున ఫైలు మీదికి ఎక్కిన డిమాండు. 1945లో కేరళ నుంచి కె.ఆర్. నారాయణన్ టాటాల సాయంతో లండన్ పోయి లాస్కీ దగ్గర చదివాడు. 1997లో ఈ దేశానికి రాష్ట్రపతి అయ్యాడు. అట్టాంటి వాళ్ళు ఇంకా ఎంతమంది మన పల్లెల్లో డబ్బు కట్టలేక ఉండిపోయారో ఎవరు చెప్తారు?

ఇప్పుడు కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్పు సంగతి చూద్దాం. ఇది 1954-55లో మొదలైంది. 2021-22 నుంచి ఏడాదికి 125 సీట్లు. అందులో ఎస్సీలకి 115. 2011 జనాభా లెక్కల్లో ఎస్సీలు 20 కోట్ల మంది. 20 కోట్లకి 115! డిగ్రీలో 60 శాతం మార్కులు, 35 ఏళ్ళ లోపు వయసు, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు, ప్రపంచ ర్యాంకుల్లో మొదటి 500 లోపు ఉన్న యూనివర్సిటీలో సీటు ఉండాలి. ఇన్ని దాటినోళ్ళకైనా సరిపడా ఇస్తారా? ఇంగ్లండు పోయినోళ్ళ జీవనభృతి ఏడాదికి 9,900 పౌండ్లని రాశారు. నెలకి 825 పౌండ్లు. లండన్‌లో చదివే విద్యార్థికి నెలకి 1,483 పౌండ్లు కావాలని 2025 జనవరిలో ఆ దేశపు వీసా నిబంధనే చెప్పింది. మధ్యలో తేడా ఎవరు పూడ్చాలి? హోటళ్ళలో గిన్నెలు తోమి పూడ్చాలి. ఇక్కడ అమ్మ తోమింది, అక్కడ కూతురు తోమాలి.

పోనీ ఎంపికైనోళ్ళకన్నా భరోసా ఉందా? 2025లో 106 మందిని ఎంపిక చేసి, జులైలో 40 మందికి మాత్రం ముందు ఉత్తరాలు ఇచ్చారు. మిగతా 66 మందికి నిధులు ఉంటేనే అన్నారు. తర్వాత ఏం సర్దుబాటు చేసినా, ఆ మాట ఆ నెలలో అన్నారంటే ఏంటి అర్థం? సెప్టెంబరులో క్లాసులు. వీసా, డిపాజిట్, టిక్కెట్టు అన్నీ జులైలోనే తేలాలి. యుద్ధ విమానాలు కొనేటప్పుడు నిధులుంటే చూద్దామని ఎవరన్నా అన్నారా? మన గుంటూరు పిల్లోడు రోహిత్ వేములకి చనిపోయేనాటికి ఏడు నెలల ఫెలోషిప్పు, లక్షా డెబ్బై అయిదు వేలు, బాకీ ఉంది. 2016 జనవరి 17న అతను పోయాడు. సైన్సు రచయిత కావాలని కలగన్న పిల్లోడు. ఫెలోషిప్పు ఆలస్యమంటే అది గుమాస్తా బల్లమీద ఆగిన కాగితం కాదు, మనుషుల ఊపిరి.

అన్నిటికంటే విషం కక్కిన రూలు 2022 ఫిబ్రవరిలో వచ్చింది. భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారతదేశం మీద సామాజిక అధ్యయనం, వీటికి సంబంధించిన అంశాలకి ఈ స్కాలర్‌షిప్పు ఇవ్వబోమన్నారు. ఇండియా గురించి చదవటానికి బయటికెందుకు అని వాదన. ఎంత అమాయకమైన ప్రశ్న! 1916 మే 9న కొలంబియాలో గోల్డెన్‌వైజర్ సెమినార్లో పాతికేళ్ళ అంబేద్కర్ చదివిన పత్రం దేనిమీద? భారతదేశంలో కులాల మీద. ఆయన ఎం.ఏ. కోసం రాసింది ప్రాచీన భారత వాణిజ్యం మీద. ఈ 2022 రూలు పట్టుకుని చూస్తే అంబేద్కర్ దరఖాస్తు మొదటి వడపోతలోనే పోతుంది. ఆయన బొమ్మకి దండేసిన చేత్తోనే ఈ రూలు మీద సంతకం పెట్టారు. మా డబ్బుతో పోయి ఏ సైన్సో, ఏ మేనేజిమెంటో చదువుకోండి, కులం జోలికి మాత్రం పోవద్దు అని దాని అర్థం. పెద్దకులం పిల్లోడు నాయన డబ్బుతో పోయి మా పల్లెల మీద థీసిస్ రాసి ప్రొఫెసరు అవుతాడు. మా పల్లె పిల్ల తన పల్లె గురించి రాయటానికి మాత్రం స్కాలర్‌షిప్పు లేదు.

రాష్ట్రాల సంగతి ఇంకో రకం. తెలంగాణలో అంబేద్కర్ పేరుతోనే పథకం నడిచి 20 లక్షలయింది. మన ఆంధ్రలో 2019 తర్వాత పాత పథకం ఆగింది. 2022 జులైలో పేరు మార్చి, అంబేద్కర్‌ని తీసి ముఖ్యమంత్రి పేరు పెట్టి, విదేశీ విద్యా దీవెన అన్నారు. మొదటి 100 ర్యాంకుల యూనివర్సిటీ అయితే ఫీజు మొత్తం, 200 దాకా అయితే 50 లక్షల వరకు. వినటానికి గొప్పగా ఉంది. 2023 ఫిబ్రవరిలో డబ్బు వేసింది అన్ని వర్గాలకీ కలిపి 213 మందికి. 2024 జూన్‌లో ప్రభుత్వం మారంగానే మళ్ళీ అంబేద్కర్ పేరు పెట్టారు. పేరు తీసినప్పుడు కొట్లాడాం, న్యాయమే. మరి ఆ మూడేళ్ళల్లో సీటొచ్చి పోలేకపోయిన పిల్లల పేర్లు ఎవరన్నా రాసి పెట్టారా? అంబేద్కర్ పేరు బోర్డు మీద ఉండాల్సిందే. దానికింద డబ్బు కూడా ఉండాలి.

సర్కారు స్కాలర్‌షిప్పులు కాకుండా పేరున్న ఫెలోషిప్పులు ఉన్నాయి. ఫుల్‌బ్రైట్, చీవెనింగ్, కామన్‌వెల్త్, ఎరాస్మస్ ముండుస్. వీటి గురించి మన హాస్టళ్ళల్లో ఒక్క కాగితమన్నా అంటించి ఉండటం నేను చూడలేదు. ఫుల్‌బ్రైట్ 1950లో భారత్, అమెరికా ఒప్పందంతో మొదలైంది. 2008 నుంచి భారత ప్రభుత్వం కూడా సమానంగా ఖర్చు పెట్టుకునేట్టు ఒప్పుకుని దానికి నెహ్రూ పేరు చేర్చింది. అంటే సబ్బుబిళ్ళ మీద పన్ను కట్టే మా అమ్మ డబ్బు కూడా అందులో ఉంది. రిజర్వేషన్ ఉందా? లేదు. మాస్టర్స్‌కి పెట్టుకోవాలంటే మూడేళ్ళ ఉద్యోగానుభవం కావాలి. మన పిల్ల డిగ్రీ అవంగానే కూలికో, బట్టల షాపులో సేల్స్‌గర్ల్‌గానో పోతుంది. అది వాళ్ళ లెక్కలో అనుభవం అవుతుందా?

ఇంకో పెద్ద గోడ, ఆ వ్యాసాలు. "మీ నాయకత్వ లక్షణాల గురించి రాయండి" అంటారు. మా దగ్గరికి వచ్చిన ఒక పిల్ల "నాకు అట్టాంటివేం లేవక్కా" అంది. హాస్టల్లో పురుగులన్నం పెడుతున్నారని నూట ఇరవై మంది ఆడపిల్లల్ని కూడేసి, రోడ్డు మీద కంచాలు పెట్టుకుని కూర్చోబెట్టి, కలెక్టర్ని రప్పించిన పిల్ల అది! ఇంగ్లీషు మీడియం స్కూల్లో డిబేటింగు క్లబ్బుకి కార్యదర్శిగా ఉన్న పిల్లోడు దాన్ని రెండు పేజీలు రాస్తాడు. మన పిల్లకి తను చేసిందాన్ని నాయకత్వం అంటారని చెప్పినోళ్ళు లేరు. చీవెనింగ్‌కి 2,800 గంటల పని అనుభవం కావాలి. జీతం లేని పని, సంఘంలో చేసిన పని కూడా అందులో లెక్కకొస్తుంది. దళిత సంఘాల్లో తిరిగిన మన పిల్లలకి ఆ గంటలు ఎప్పుడో నిండిపోయాయి. ఆ సంగతి వాళ్ళకి తెలియకపోవటమే ఆ ఫెలోషిప్పు వేరేవాళ్ళకి పోవటం.

ఇందులో మన పల్నాడుకి ఒక ప్రత్యేకమైన ముడి ఉంది. 1849లో హేయర్ అనే లూథరన్ దొర గురజాల వచ్చాడు. అటు ఒంగోలు నుంచి బాప్టిస్టులు వచ్చారు. పలక, బలపం మా పల్లెలకి వచ్చింది వాళ్ళ బళ్ళతోనే. మా పిల్లలు చాలామంది చిన్నప్పట్నుంచి సండేస్కూల్లో పాఠాలు చెప్తారు, యువజన కూటాలు నడుపుతారు. నాయకత్వమంటే అదే. కానీ రాయాలంటే భయం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులు షెడ్యూల్డు కులాల్లో లేరు. సిక్కుల్ని 1956లో, బౌద్ధుల్ని 1990లో చేర్చారు, క్రైస్తవుల్ని చేర్చలేదు. మన రాష్ట్రంలో మతం మారితే బీసీ-సి. అంటే ఒక దరఖాస్తులో తన జీవితం నిజంగా రాస్తే, ఇంకో దరఖాస్తులో తన కులం సర్టిఫికెట్ పోతుందేమోనని ఆ పిల్ల వణకాలి. ఊళ్ళో వేరే గ్లాసులో నీళ్ళు పోసేవాడు ఏ దేవుణ్ణి మొక్కుతున్నావని అడగడు. స్కాలర్‌షిప్పు ఇచ్చేవాడు అడుగుతాడు.

సిఫారసు ఉత్తరాల సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం నిండదు. మా పక్కనే వినుకొండలో 1895లో పుట్టిన జాషువా 1941లో గబ్బిలం రాశాడు. గుళ్ళోకి పోలేని అంటరానివాడు గుళ్ళో వేలాడే గబ్బిలం చేత శివుడికి కబురంపుకున్నాడు. విదేశీ యూనివర్సిటీ గుమ్మం కూడా అట్టాంటిదే. మనం నేరుగా పోతే వినరు, ప్రొఫెసర్లు మన గురించి రెండు ఉత్తరాలు రాయాలి. తన కులపు పిల్లోడికి రెండు పేజీలు రాసి, వాడి సెమినారు పేపరు పేరుతో సహా చెప్పిన ఒక ప్రొఫెసరు, నాకు మూడు లైన్లు రాశాడు. మంచి అమ్మాయి, కష్టపడుతుంది, హాజరు బాగుంటుంది. హాజరు చూసి ఎవడు సీటిస్తాడు? ఆ మూడు లైన్లలో అబద్ధం ఒక్కటీ లేదు. కేసు పెట్టటానికి వీల్లేని అంటరానితనం అది.

ఇవన్నీ విని "మీకు ఇంగ్లీషు రాదు, మెరిట్ లేదు, ఏం చెయ్యగలం" అనేవాళ్ళకి ఒక ఉదాహరణ చెప్తా. 2001 నుంచి 2013 దాకా ఫోర్డ్ ఫౌండేషన్ 22 దేశాల్లో ఒక ఫెలోషిప్పు నడిపింది. వెనకబడేసిన జనాల్లోంచే ఏరింది. మార్కులు మాత్రమే చూడలేదు, సమాజంలో ఏం పని చేశావని అడిగింది. ఎంపిక చేశాక భాష, కంప్యూటరు, పరిశోధన పద్ధతి తన ఖర్చుతో నేర్పించి అప్పుడు పంపింది. 4,300 మందికి పైగా చదువుకున్నారు. మెరిట్ లేదన్న జనాల్లోంచే వాళ్ళందరూ వచ్చారు. దారి తెలియక కాదు ఈ ప్రభుత్వాలు చెయ్యనిది. పన్నెండేళ్ళు నడిచి చూపించిన దారి కళ్ళెదుట ఉంది.

ఇక అన్నలకి జవాబు. విదేశాలకి పోవటం ఉద్యమానికి ద్రోహమంటారు. అంబేద్కర్ 1923లో తిరిగొచ్చాడు, 1927 మార్చి 20న మహద్ చెరువులో నీళ్ళు తాగించాడు. ఆయన కొలంబియాలో చదివింది ఆ నీళ్ళకి అడ్డమైందా? 2001లో డర్బన్ జాత్యహంకార వ్యతిరేక సభలో కులం గురించి మాట్లాడొద్దని మన ప్రభుత్వమే అడ్డం పడితే, ప్రపంచం ముందు నిలబడి చెప్పటానికి మనకి భాష, చదువు ఉన్నవాళ్ళు కావాల్సి వచ్చారు. 2023 ఫిబ్రవరి 21న సియాటిల్ నగరం కుల వివక్షని నిషేధించింది. అదే ఏడాది అక్టోబరులో కాలిఫోర్నియా గవర్నరు అట్టాంటి బిల్లునే వెనక్కి కొట్టాడు. ఆ బిల్లు వద్దని అరిచిన గొంతులు ఎవరివి? ఇక్కణ్ణుంచి పోయిన పెద్దకులాలవే. కులం వాళ్ళ సూట్‌కేసులో ఎప్పుడో సముద్రం దాటింది. దాంతో కొట్లాడేవాళ్ళు దాటొద్దా? మన సుజాత గిడ్ల అమెరికా పోయి, న్యూయార్క్ మెట్రోలో కండక్టరుగా పనిచేస్తూ, మామయ్య శివసాగర్ కథ, తన అమ్మ కథ 2017లో పుస్తకంగా రాస్తే ప్రపంచం చదివింది. కారంచేడు, చుండూరు మీద నినాదాలిచ్చిన మనం ఆ నినాదం అర్థమయ్యే ప్రతి చోటా ఒక మనిషిని నిలబెట్టాలి. ఇంకోమాట. ద్రోహమని అనేవాళ్ళ ఇళ్ళల్లో ఎంతమంది పిల్లలు అమెరికాలో ఉన్నారో ఒకసారి లెక్కపెట్టుకోమనండి.

మనలో మనం కూడా ఒక ప్రశ్న దాచకూడదు. 1994 జులై 7న ఈదుముడిలో దండోరా మోగినప్పుడు అడిగిందే ఇక్కడా అడగాలి. ఎస్సీల పేరుతో వచ్చిన ఈ కాసిని సీట్లు ఎవరికి చేరాయి? ఏ ఉపకులానికి ఎన్ని? ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివినోళ్ళకి ఎన్ని? ఆడపిల్లలకి ఎన్ని? 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణకి దారి ఇచ్చింది. ఉద్యోగాల్లో మాట్లాడేదాన్ని విదేశీ చదువుల్లో మాట్లాడకపోతే గుమ్మం దగ్గరున్నోళ్ళే ఎప్పుడూ ముందు లోపలికి పోతారు.

కాబట్టి మేం అడిగేది ఇది. సీటు ఉత్తరం చేతికి రాంగానే డిపాజిట్, వీసా ఖర్చు, టిక్కెట్టు సర్కారే ముందుగా కట్టాలి. విదేశం చేరాక ఇస్తామనే రూలు పోవాలి. ఖాతాలో చూపించాల్సిన డబ్బుకి సర్కారు హామీ ఉత్తరం ఇవ్వాలి. జర్మనీలో చాలా సర్కారు యూనివర్సిటీల్లో ఫీజు లేదంటారు. కానీ వీసాకి ఏడాది ఖర్చు 11,904 యూరోలు ముందే ఖాతాలో కట్టి చూపించాలని 2024 సెప్టెంబరు నుంచి ఉంది. ఫీజు లేని చదువు కూడా డబ్బున్నోడికే పోయేది ఇందుకే. భారతదేశం గురించి చదవకూడదన్న 2022 రూలు రద్దు కావాలి. ఐయెల్టీయెస్ ఫీజు 17 వేలు దాటింది, మా అమ్మ నడుం వంచితే దాదాపు రెండు నెలల కూలి. దాన్ని సాంఘిక సంక్షేమ శాఖ కట్టాలి. ఎంపికైనవాళ్ళ జాబితా ఉపకులం, జిల్లా, ఆడామగా లెక్కతో ఏటా బయటపెట్టాలి. ఈ వివరాలన్నీ తెలుగులో ప్రతి హాస్టలు గోడమీద, ప్రతి గురుకులంలో ఉండాలి. ఇప్పటికే పోయిన మన అన్నలూ, అక్కలూ ఏడాదికి ఇద్దరు పిల్లల దరఖాస్తులు చేతబట్టి దిద్దిపెట్టాలి. పెద్దకులం బాబాయి కొడుకు డల్లాస్ నుంచి ఫోన్లో చేసే పని అదే.

అవి సాధించేలోపు చేతులు కట్టుకుని కూర్చోవద్దు, తమ్ముడూ, చెల్లీ. ఈ నెలలోనే పాస్‌పోర్టుకి పెట్టుకో, 1,500 రూపాయలు. పదో తరగతి మెమోలో, ఆధార్‌లో, కులం సర్టిఫికెట్‌లో నీ పేరు, మీ నాయన పేరు ఒకే అక్షరాలతో ఉన్నాయో లేదో చూసుకో. ఒక్క అక్షరం తేడాతో ఆగిపోయిన ఫైళ్ళు నేను చూశా. సంఘంలో, పల్లెలో నువ్వు చేసిన ప్రతి పనికీ తేదీ, గంటలు వేసి నోటుబుక్కులో రాసిపెట్టు. ఎరాస్మస్ ముండుస్‌కి స్కాలర్‌షిప్పు వస్తే ఫీజు ఉండదు, నెలకి 1,400 యూరోలు ఇస్తారు, ఆఖరి ఏడాదిలో ఉండగానే పెట్టుకోవచ్చు. ప్రొఫెసరు మూడు లైన్లే రాస్తానంటే నువ్వేం చదివావో, ఏం రాశావో కాగితం మీద పెట్టి ఆయన చేతికివ్వు, ఇవన్నీ రాయండి సార్ అని అడుగు. రాయకపోతే ఇంకొకర్ని అడుగు. ఏ ఆఫీసులోనన్నా నీకెందుకమ్మా అంటే, ఎందుకు వద్దో రాతపూర్వకంగా ఇమ్మను. సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది, పది రూపాయలతో అడగొచ్చు.